ఆ చదువుకు మూల్యం చెల్లించిందెవరు? కష్టాల్లో ఎదిగిన పిల్లల పుస్తకాలపై ఒక సమీక్ష

పదో తరగతి, ఇంటర్ ఫలితాలు వెలువడే ఎండాకాలంలో హనుమకొండ పుస్తకాల దుకాణాల ముందువరసలో ఒకే తరహా పుస్తకాలు కనిపిస్తాయి. పేదింట్లో పుట్టి, అరకొర తిండితో చదివి, పెద్ద ఉద్యోగం సంపాదించినవాళ్ళ విజయగాథలు అవి. రాసినవాళ్ళ ఉద్దేశం మంచిదే. పిల్లలకు కొనిచ్చే తల్లిదండ్రుల ఆశ అంతకన్నా మంచిది. అయితే అలాంటివి వరసగా చదివిన పిల్లల మనసులో చివరికి ఒక లెక్క మిగిలిపోతుంది: ఇంత కష్టపడితే ఇంత ఫలితం వస్తుంది, ఫలితం రాలేదంటే పడిన కష్టం చాలలేదు. కాకతీయ విశ్వవిద్యాలయం చుట్టుపక్కల అద్దెగదుల్లో ఒక్క నోటిఫికేషన్ కోసం ఏళ్ళ తరబడి ఎదురుచూస్తూ, ఊరికి పోతే ‘ఇంకా ఏం కాలేదా బిడ్డా?’ అని అడుగుతారని బతుకమ్మ పండుగకు కూడా ఇంటికి పోకుండా ఉండిపోయే యువతీయువకులను చూస్తున్నవాళ్ళకు ఆ లెక్క ఎంత క్రూరమైనదో వేరే చెప్పనక్కర్లేదు.

కష్టాల మధ్య ఎదిగిన పిల్లల గురించి గొప్ప పుస్తకాలకు కొదవ లేదు; తెలుగులో చదువుకోగలిగినవి కూడా తక్కువేమీ కాదు. వాటిలో నేను మళ్ళీమళ్ళీ చదివి, నా విద్యార్థుల చేత చదివించిన కొన్నింటిని ఇక్కడ పరిశీలిస్తున్నాను. కొలమానం ఒక్కటే పెట్టుకొన్నాను. ఆ పిల్లవాడో ఆ పిల్లో ఎదగడానికి తమ బతుకులో నుంచి ఎవరు ఏమి వదులుకొన్నారో పుస్తకం నిజాయితీగా చెప్పిందా లేదా అన్నదే ఆ కొలమానం. మన ఇళ్ళల్లో ఒకరు పెద్ద చదువు చదివారంటే దాని వెనుక అప్పుకు సంతకం పెట్టిన తండ్రి, పుస్తెలు కుదువబెట్టిన తల్లి, ఏడో తరగతితో బడి మానేసి పత్తి ఏరడానికి పోయిన అక్క ఉంటారు. వాళ్ళను పక్కకు నెట్టి ఒక్కరినే నడిమధ్యన నిలబెట్టే కథ ఎంత కన్నీరు పెట్టించినా దానిలో సగం కథే ఉందని నా నమ్మకం.

ముందుగా మన నేల మీది పుస్తకం. వై. బి. సత్యనారాయణ ఇంగ్లీషులో రాయగా 2011లో వెలువడిన ‘మై ఫాదర్ బాలయ్య’ను పి. సత్యవతి ‘మా నాయన బాలయ్య’ పేరుతో తెలుగు చేశారు. హైదరాబాద్ బుక్ ట్రస్ట్ ప్రచురించింది. ఉమ్మడి కరీంనగర్ జిల్లా వంగపల్లికి చెందిన ఒక దళిత కుటుంబం మూడు తరాల చరిత్ర ఇది. నిజాం తన తండ్రికి ఇచ్చిన భూమి రేపు తనకు దక్కుతుందనుకొన్న నర్సయ్య, 21 ఏళ్ళ వయసులో దాన్ని దొరకు పోగొట్టుకొని ఊరు విడిచిపెడతాడు. ఊరివాళ్ళ కంటికి అది సర్వనాశనం. ఆయన వారసులను ఆ తరువాత వెట్టి నుంచి, అవమానాల నుంచి బయట పడేసినది మాత్రం ఆ వలసేనని రచయిత చూపిస్తారు. భూమి పోవడాన్ని ఒక వరంగా మార్చి తియ్యగా చెప్పే ప్రయత్నం ఆయన ఎక్కడా చేయరు. అన్యాయాన్ని అన్యాయంగానే ఉంచి, దాని తరువాత మనుషులు ఏమి చేశారో మాత్రమే చెప్పుకొస్తారు. ఈ పుస్తకంపై నాకున్న గౌరవానికి మొదటి కారణం ఇదే.

పుస్తకం మొదట్లోనే ఒక దృశ్యం ఉంది. నర్సయ్య చనిపోయిన భార్యను తన భుజం మీద వేసుకొని పాతిపెట్టడానికి ఒంటరిగా నడుస్తుంటాడు. వెనకాల చిన్న పిల్లవాడు బాలయ్య నడుస్తుంటాడు. డప్పు లేదు, పాడె మోసే నలుగురు లేరు. మన పల్లెల్లో ఎంత పేదవాడి చావుకైనా డప్పు మోగుతుంది, వాడకట్టు కదిలివస్తుంది. అవేవీ లేని చావు ఎంత ఘోరమో తెలంగాణ పాఠకుడికి ఒకరు విడమరిచి చెప్పవలసిన పని లేదు. రచయిత కూడా చెప్పరు. తన తాత నడకను, తండ్రి పసితనాన్ని ఒకే వాక్యపు దూరంలో ఉంచి ముందుకు సాగిపోతారు. ఆ రోజు వెనకాల నడిచిన పిల్లవాడే ఈ పుస్తకానికి పేరైన మనిషి కాబట్టి, తరువాత వందల పుటల్లో అతను కొడుకుల చదువు గురించి ఎంత పట్టుదల చూపినా, ఎంత కఠినంగా ప్రవర్తించినా, పాఠకుడికి ఆ మొదటి నడక గుర్తుకు వస్తూనే ఉంటుంది.

ఈ కుటుంబాన్ని నిలబెట్టింది రైల్వే. వెట్టి సాగే ఊరిలో పని కులాన్ని బట్టి నెత్తిన పడేది, ప్రతిఫలం దొర దయను బట్టి దొరికేది. రైల్వేలో పనికి వేళలున్నాయి, నెల తిరిగేసరికి జీతం చేతికొస్తుంది, తలదాచుకోవడానికి క్వార్టరు ఉంటుంది. నిజాం రాజ్యపు రైలు మార్గం వరంగల్ మీదుగా 1889 నాటికి బెజవాడను చేరింది. కాజీపేట–బల్లార్షా మార్గం 1929లో పూర్తయి ఉత్తర తెలంగాణ పల్లెల పక్కనే ఢిల్లీకి దారి పడింది. ఆ కట్ట పక్క ఊళ్ళ నుంచి గడ్డపార పట్టుకొని గ్యాంగుల్లో చేరిన కుటుంబాలెన్నో ఉన్నాయి. కాజీపేటలో ఇప్పటికీ తాత, తండ్రి, మనవడు ముగ్గురూ రైల్వేలోనే చేసిన ఇళ్ళు కనిపిస్తాయి. వాళ్ళ ఇళ్ళల్లో చెప్పుకొనే ముచ్చట్లు అచ్చులోకి వచ్చింది చాలా తక్కువ. ఆ లోటును తీర్చిన పుస్తకంగా కూడా దీన్ని చూడాలి. దేశంలో కులం ఎలా పనిచేస్తుందో సిద్ధాంతంగా చెప్పే పుస్తకాలు చాలా ఉన్నాయి. జీతం, క్వార్టరు, బదిలీ అనే మూడు మామూలు విషయాలు ఒక కుటుంబపు నడుమును ఎలా నిటారుగా నిలబెట్టాయో ఇంత ఓపికగా చెప్పినది నాకు మరొకటి కనబడలేదు.

లోపాలు లేవని కాదు. చివరి భాగంలో చదువులు, డిగ్రీలు, ఉద్యోగాల వివరాలు ఒకదాని వెంట ఒకటి వచ్చిపడి, మొదటి భాగంలోని మనుషుల చెమట వాసన కొంత తగ్గిపోతుంది. ఆ ఇంటి ఆడవాళ్ళ చాకిరీ పుస్తకమంతా పరుచుకొని ఉంటుంది గాని, వాళ్ళ మాట మాత్రం తక్కువగా వినిపిస్తుంది. కొడుకుల చదువు గురించి తెలిసినంత కూతుళ్ళ సంగతి మనకు తెలియదు. నా కొలమానం ప్రకారం ఇది చిన్న లోపం కాదు. ఇంకొకటి, మూలం ఇంగ్లీషు కావడం వల్ల బాలయ్య ఇంట్లో వినిపించిన కరీంనగర్ మాట ఇంగ్లీషు చుట్టూ తిరిగి తెలుగులోకి రావలసి వచ్చింది. సత్యవతి గారి తెలుగు శుభ్రంగా, ఆగకుండా సాగుతుంది. అయినా, ఇదే కథను ఆ ఇంటి మనిషి ఆ ఇంటి మాటల్లో రాసి ఉంటే ఎలా ఉండేదో అన్న ఆశ చదువుతున్నంతసేపూ వెంటాడుతుంది.

మాక్సిం గోర్కీ ఆత్మకథ మూడు భాగాలు. మొదటిదైన ‘నా బాల్యం’ 1913లో అచ్చవడం మొదలైంది. తెలుగునాట దీని పేరు వినని పాఠకులు ఒకప్పుడు అరుదు. ఇప్పటి విద్యార్థుల్లో దీన్ని చదివినవాళ్ళు అరుదు. తండ్రి కలరాతో చనిపోతే తల్లి వెంట తాత ఇంటికి చేరిన అల్యోషా అనే పిల్లవాడి కథ ఇది. వోల్గా ఒడ్డున నిజ్నీ నోవ్‌గొరోద్‌లో తాతకు అద్దకం పని ఉంది. ఆ ఇంట్లో ఇద్దరు మేనమామలు ఆస్తి పంచమని తండ్రి మీదికి లేస్తుంటారు, అన్నంబల్ల దగ్గరే ఒకరినొకరు జుట్టు పట్టుకొని కొట్టుకొంటారు. రష్యా పేర్లు పక్కన పెడితే, భాగాల పంపకం దగ్గర రక్తసంబంధం విరిగిపోయే ఆ ఇల్లు మనకు కొత్తది కాదు.

ఒకరోజు అల్యోషా పండుగలకు మాత్రమే పరిచే తెల్లటి బల్లగుడ్డను, రంగు ఎలా పడుతుందో చూద్దామన్న సరదాతో నీలిరంగు తొట్టిలో ముంచుతాడు. తాత శనివారాల్లో పిల్లలకు దెబ్బలతో లెక్క తేల్చే మనిషి. ఆ శనివారం పిల్లవాడికి స్పృహ తప్పేదాకా కొడతాడు. దుకాణంలో పనిచేసే త్సిగానొక్ అనే యువకుడు బెత్తం కింద తన చెయ్యి అడ్డం పెడతాడు. తరువాత వాచిపోయిన ఆ చేతిని పిల్లవాడికి చూపిస్తాడు. ఈ సంఘటన ఇంతటితో ఆగిపోతే తాత ఒక రాక్షసుడుగా మిగిలిపోయేవాడు. గోర్కీ ఆగలేదు. జ్వరంతో పడుకొన్న మనవడి పక్కన తాత వచ్చి కూర్చుంటాడు, తినడానికి తీపి తెస్తాడు, తనను చిన్నతనంలో ఎవరెవరు ఎలా కొట్టారో చెబుతాడు. వోల్గా ఒడ్డు వెంట ఎండలో, రాళ్ళ మీద, భుజాలకు మోకులు కట్టుకొని ఎదురునీటికి పడవలు లాగిన తన యవ్వనాన్ని చెబుతాడు. పిల్లవాడి ఒళ్ళు ఇంకా మండుతూనే ఉంది, అయినా ఆ కథ ఆగిపోకూడదని అతనికి ఉంటుంది. కొట్టిన చెయ్యి కూడా ఒకప్పుడు దెబ్బలు తిన్న చెయ్యేనని, అంతమాత్రాన దెబ్బ న్యాయమైపోదని, రెండూ ఒకేసారి తెలిసే క్షణం అది. పిల్లలు పెద్దవాళ్ళయ్యేది ఇలాంటి క్షణాల్లోనే అని నాకు అనిపిస్తుంది. దీనికి సాటి వచ్చే పుటలు నేను చదివిన సాహిత్యంలో చాలా కొద్ది.

త్సిగానొక్ ఎలా చనిపోయాడన్నది ఈ పుస్తకంలోని అతి బరువైన విషయం. అతను ఎవరో వదిలేసిపోతే ఆ ఇంట్లో పెరిగిన అనాథ. పెళ్ళాన్ని కొట్టి చంపిన మేనమామ, పాపభీతితో ఆమె సమాధి మీద నిలపడానికి పెద్ద కొయ్య శిలువ కొంటాడు. దాన్ని మోసుకుపోతూ కాలుజారి, ఆ బరువు కిందే త్సిగానొక్ నలిగిపోతాడు. ఇతరుల పాపాన్ని మోసినవాడు చనిపోయాడని గోర్కీ ఎక్కడా రాయడు. రక్తం వంటింటి నేల మీద గుమ్మం వైపు పారిన తీరు మాత్రం ఒక పిల్లవాడి కంటితో రాస్తాడు. తల్లి చనిపోయిన కొద్ది రోజులకు తాత ఆ మనవణ్ణి ఇక పోషించలేనని చెప్పి లోకంలోకి పంపేయడంతో పుస్తకం ముగుస్తుంది. పదకొండేళ్ళవాడు.

రెండో భాగంలో అతను చెప్పుల దుకాణంలో, వోల్గా మీది పడవలో గిన్నెలు కడుగుతూ పనిచేస్తాడు. ఆ పడవలో స్మూరి అనే వంటవాడు అతనికి పుస్తకాల పిచ్చి ఎక్కిస్తాడు. మూడో భాగంలో విశ్వవిద్యాలయంలో చేరాలన్న ఆశతో కజాన్ నగరానికి పోయి, రేవులో బరువులు మోసి, రొట్టెల బట్టీలో పిండి పిసుకుతాడు. విశ్వవిద్యాలయంలో అడుగు పెట్టడం జరగనే జరగదు. 1887లో తుపాకీతో కాల్చుకొని చావబోయిన సంగతిని కూడా ఆయన దాచలేదు. పేదవాడు పట్టుదలతో చదివి గొప్పవాడయ్యాడని ఒక్క వాక్యంలో చెప్పే విజయగాథల్లో గోర్కీ పేరు తరచుగా వాడుకొంటారు. ఆ మనిషి స్వయంగా రాసుకొన్న దానిలో మాత్రం ఓటమి, విసుగు, చావు తలంపు కూడా పూర్తి చోటు పొందాయి. పోటీ పరీక్షలో వరసగా తప్పి, ఎవరితోనూ మాట్లాడకుండా గదిలో ఉండిపోతున్న యువకుడి చేతిలో నేను పెట్టదలచుకొనేది మొదటి రకం పుస్తకం కాదు.

చింగీజ్ ఐత్మాతొవ్ 1962లో రాసిన ‘తొలి ఉపాధ్యాయుడు’ చిన్న పుస్తకం. ఒక మధ్యాహ్నం కూర్చుంటే పూర్తవుతుంది. కిర్గిజ్ కొండప్రాంతంలోని ఒక పల్లెకు దూయిషేన్ అనే యువకుడు వచ్చి, పాడుబడిన గుర్రపుశాలను శుభ్రం చేసి బడి పెడతాడు. అతనికే అక్షరాలు సరిగా రావు. కూడబలుక్కొని చదవడం మాత్రం వచ్చు. ఊరి పెద్దలకు ఆ బడి ఒక వేడుక. పేడపిడకలు ఏరుకొనే పిల్లలకు చదువెందుకని వాళ్ళ ప్రశ్న. చలికాలంలో బడికి పోయే దారిలో వాగు ఉంటుంది. గడ్డకట్టే ఆ నీళ్ళలోకి దూయిషేన్ చెప్పులు లేని కాళ్ళతో దిగి, చిన్నపిల్లలను ఒకరిని వీపు మీద, ఒకరిని చేతుల్లో ఎత్తుకొని అవతలి ఒడ్డుకు చేరుస్తుంటాడు. ధనికులు గుర్రాల మీద పక్కనుంచే పోతూ నవ్వుతారు, నీళ్ళు చిమ్మించి పోతారు. వానాకాలంలో ఏటూరునాగారం, మంగపేట వైపు వాగులు పొంగితే పిల్లలను భుజాల మీద దాటించే పంతుళ్ళు, అంగన్‌వాడీ టీచర్లు మనకు తెలిసినవాళ్ళే కాబట్టి, ఈ పుట దగ్గర మన పిల్లలు తలెత్తి చూడకుండా చదువుతారు.

ఆ బడిలో చదివే ఆల్తినాయ్ తల్లిదండ్రులు లేని పిల్ల. పినతల్లి వరస మనిషి ఆమెను డబ్బుకు ఆశపడి ఒక మోటు మనిషికి రెండో భార్యగా అమ్మేస్తుంది. అడ్డుపడిన దూయిషేన్‌ను చెయ్యి విరిగేలా కొట్టి ఆ పిల్లను గుర్రం మీద వేసుకొని పోతారు. తరువాత అతను మిలీషియా (సోవియట్ పోలీసు) మనుషులతో వచ్చి ఆమెను విడిపించి, నగరానికి చదువుకు పంపుతాడు. ఆమె పెద్ద విద్వాంసురాలవుతుంది. కథ ఇక్కడ ముగిసి ఉంటే దుకాణాల ముందువరసలోని పుస్తకాలకు దీనికి పెద్ద తేడా ఉండేది కాదు. ఐత్మాతొవ్ మొదలుపెట్టిందే ఎన్నో ఏళ్ళ తరువాతి ఒక రోజుతో: ఊరిలో కొత్త బడి ప్రారంభోత్సవానికి ఆల్తినాయ్‌ను పెద్ద అతిథిగా పిలుస్తారు, విందు జరుగుతుంది, అదే సమయానికి ముసలివాడైన దూయిషేన్ ఉత్తరాల సంచీ మోసుకొంటూ శుభాకాంక్షల టెలిగ్రాములు అందించి పోతాడు. ఒకప్పుడు అతను పాఠాలు చెప్పిన తీరును తలుచుకొని అతిథులు నవ్వుతారు. ఆమె ఆ నవ్వును భరించలేక, ఎవరికీ చెప్పకుండా తిరిగి వెళ్ళిపోయి, అసలు జరిగిందంతా ఉత్తరంగా రాస్తుంది. మనం చదివే కథ ఆ ఉత్తరమే.

ములుగు వైపు నుంచి వచ్చి హాస్టల్లో ఉండి చదువుకొన్న ఒక అమ్మాయి ఈ పుస్తకం తిరిగి ఇస్తూ, ‘ఆమె ముందే ఎందుకు రాలేదు సార్, అన్నేళ్ళు ఎటు పోయింది?’ అని కొంచెం కోపంగానే అడిగింది. ఆల్తినాయ్ చదువుకొనే రోజుల్లో ప్రేమతో ఉత్తరం రాస్తే, తన చదువుకు అడ్డు రాకూడదని దూయిషేన్ జవాబివ్వడం మానుకొన్నాడని ఆమె అనుకొంటుంది. అది కథలో ఉంది. అయినా ఆ అమ్మాయి ప్రశ్న తీరదు. తీరకుండా ఉంచడమే రచయిత ఉద్దేశమని నేను అనుకొంటున్నాను. చదువుకొని నగరంలో స్థిరపడినవాళ్ళందరి మీద, తమకు అక్షరం చెప్పినవాళ్ళు, తమకోసం బడి మానేసినవాళ్ళు ఇప్పుడు ఎక్కడ ఎలా ఉన్నారో చూసే బాధ్యత ఉందని ఇంత సూటిగా చెప్పిన కథ అరుదు. మొత్తం పుస్తకాల్లో నా మొదటి ఎంపిక ఇదే. అయితే ఆల్తినాయ్ మీద జరిగిన అత్యాచారం ఇందులో ఉంది; ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలకు ఇచ్చే ముందు ఇంట్లో పెద్దవాళ్ళు చదివి, పిల్లలు అడిగేవాటికి జవాబు చెప్పడానికి సిద్ధంగా ఉండాలి.

విభూతిభూషణ్ బందోపాధ్యాయ 1929లో పుస్తకంగా తెచ్చిన ‘పథేర్ పాంచాలి’ గురించి ఇదివరకే చాలామంది రాశారు కాబట్టి ఒక్క విషయమే చెబుతాను. దాని ఆధారంగా సత్యజిత్ రాయ్ తీసిన సినిమా చూసినవాళ్ళు కూడా నవల చదవాలి. తమ్ముడు అపు ఎదుగుతాడు, అక్క దుర్గ ఎదగదు. ఎదగకపోవడం ఆమె చావు వల్ల మాత్రమే కాదు. తినడానికి తమ్ముడికి దొరికినంత ఆమెకు దొరకదు, తమ్ముడికి పలక వస్తే ఆమెకు తిట్లు వస్తాయి, చెట్టు కింద రాలిన పండ్లు ఏరుకొస్తే దొంగ అన్న పేరు వస్తుంది. జబ్బుగా పడుకొన్నప్పుడు తమ్ముణ్ణి ఆమె కోరే కోరిక రైలుబండి చూపించమని. ఊరు విడిచిపోయే ముందు, అక్క దొంగిలించిందని నింద పడిన చిన్న బంగారు కుంకుమభరిణె అపుకు ఇంట్లోనే దొరుకుతుంది. నింద నిజమేనని తెలిసిన ఆ పిల్లవాడు ఎవరికీ చెప్పకుండా దాన్ని వెదురుపొదల్లోకి విసిరేస్తాడు. అక్క పరువును తాను మోయడం అతను పెద్దవాడిగా చేసిన మొదటి పని. కొన్ని అధ్యాయాల్లో చెట్ల, పూల వర్ణన పుటల కొద్దీ సాగి ఇప్పటి పిల్లల ఓపికను పరీక్షిస్తుందన్న మాట నిజం. వాళ్ళు కొన్ని పుటలు దాటేసినా పర్వాలేదు.

వరంగల్ పాఠకులకు ఇంటి మనిషి లాంటి రచయిత నవీన్. పాలకుర్తి దగ్గర వావిలాలలో 1941లో పుట్టి, హనుమకొండలో స్థిరపడిన ఆయన 1969లో వెలువరించిన ‘అంపశయ్య’ నవల ఆయన ఇంటిపేరే అయిపోయింది. ఉస్మానియా విశ్వవిద్యాలయ హాస్టల్లో ఉండే రవి అనే పేద విద్యార్థి జీవితంలోని ఒకే ఒక్క రోజు ఇందులో వస్తువు. తెల్లవారుజామున కల నుంచి మేలుకొన్నది మొదలు రాత్రి వరకు అతని మనసులో ఏది ఎలా కదిలితే అలా రాసుకుపోయారు. పరీక్ష భయం, చేతిలో డబ్బు లేకపోవడం, కలిగినవాళ్ళ పిల్లల మధ్య తన బట్టలు, తన మాట చూసుకొని కుచించుకుపోవడం, అమ్మాయిల పట్ల ఆకర్షణ, ఆ ఆకర్షణకు సిగ్గు, అన్నీ కలగాపులగంగా వస్తాయి. కష్టం అంటే ఆకలి, దెబ్బలు మాత్రమే అనుకొనేవారికి, తోటివాళ్ళ మధ్య తక్కువవాణ్ణన్న భావన రోజంతా మనిషిని ఎలా తింటుందో ఈ నవల చూపించింది. అర్ధ శతాబ్దం గడిచినా, పల్లె నుంచి మొదటిసారి హాస్టల్‌కు వచ్చిన కుర్రవాడు దీనిలో తనను గుర్తుపడతాడు. ఆడపిల్లలకు ఇది అంతగా నచ్చకపోవడం నేను చూశాను, వాళ్ళ అభ్యంతరం సబబైనదే; ఇందులో స్త్రీలు రవి ఆలోచనల్లో మెదిలే రూపాలుగానే ఎక్కువగా ఉంటారు. రచయిత పేరును దేశమంతటికీ తెలిపినది 2004లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం పొందిన ‘కాలరేఖలు’. నిజాం పాలన చివరి రోజుల్లో, సాయుధ పోరాటం మధ్యలో పెరిగే తెలంగాణ పల్లె పిల్లవాడి కథ అది. చరిత్ర మీద ఆసక్తి ఉన్నవాళ్ళు దానితోనే మొదలుపెట్టవచ్చు.

వట్టికోట ఆళ్వారుస్వామి ‘ప్రజల మనిషి’ని కూడా ఈ వరసలో చేర్చాలి. ఈ నవలలో నిజామాబాద్ ప్రాంతపు పల్లె, దొర గడీ, అక్కడి నుంచి బయటపడి లోకం తెలుసుకొనే కంఠీరవం కనిపిస్తారు. కథనం అక్కడక్కడా ఉపన్యాసమవుతుంది. రచయిత స్వయంగా ఇతరుల ఇళ్ళలో వంట చేస్తూ, హోటల్లో సర్వర్‌గా పనిచేస్తూ అక్షరాలు సంపాదించుకొని, 1938లో దేశోద్ధారక గ్రంథమాల నెలకొల్పి, పుస్తకాలు భుజాన మోసుకొని ఇంటింటికీ తిరిగి అమ్మిన మనిషి. ఆ జీవితం తెలిసి చదివితే ఉపన్యాసాలు కూడా బరువుగా తోచవు.

ఇక కొనేవారికి అవసరమైన సంగతులు. హైదరాబాద్ బుక్ ట్రస్ట్ పుస్తకాలు వరంగల్‌లో జరిగే పుస్తక ప్రదర్శనల్లో దొరుకుతాయి, పోస్టులో తెప్పించుకోవచ్చు. కాగితం, అచ్చు శుభ్రంగా ఉంటాయి, ధర విద్యార్థికి అందుబాటులో ఉంటుంది. గోర్కీ, ఐత్మాతొవ్ పుస్తకాల సోవియట్ ముద్రణలు మందపాటి కాగితం, గట్టి కుట్టుతో తయారైనవి, ఇన్నేళ్ళైనా చెక్కుచెదరలేదు. పాత పుస్తకాల దుకాణాల్లో, హైదరాబాద్ ఆబిడ్స్ ఆదివారం అంగడిలో అప్పుడప్పుడూ కనబడతాయి. కనబడితే బేరం చేస్తూ నిలబడకుండా తీసుకోవడం మంచిది. ఆ అనువాదాల తెలుగు ఇప్పటి పిల్లలకు కాస్త పాతగా తోస్తుంది. రష్యన్ నవలల్లో ఒకే మనిషిని ముద్దుపేరుతో ఒకచోట, తండ్రి పేరు కలిపి ఒకచోట, ఇంటిపేరుతో ఇంకొకచోట పిలుస్తారు కాబట్టి, మొదటి ముప్పై పుటలు చదివేటప్పుడు ఎవరు ఎవరో ఒక చీటీ మీద రాసుకోమని నేను విద్యార్థులకు చెబుతుంటాను. దాంతో సగంలో వదిలేసేవాళ్ళు బాగా తగ్గారు.

హనుమకొండలో శ్రీ రాజరాజనరేంద్ర ఆంధ్ర భాషా నిలయం 1904లోనే పుట్టింది. నిజాం రాజ్యంలో తెలుగు పుస్తకం దొరకడమే గగనమైన కాలంలో ఇక్కడివాళ్ళు గ్రంథాలయం పెట్టుకొన్నారు. ఈనాడు నగరంలోని గ్రంథాలయాలు పొద్దున్నే నిండిపోతున్నాయి, కూర్చున్నవాళ్ళందరి ముందు పోటీ పరీక్షల పుస్తకాలే ఉంటున్నాయి. అది వాళ్ళ అవసరం, దాన్ని తప్పుపట్టలేను. ఆ చదువుల హాలులోనే, కథల బీరువా దాకా లేచి పోనవసరం లేకుండా చేతికందే చోట, ‘తొలి ఉపాధ్యాయుడు’ రెండు ప్రతులు, ‘మా నాయన బాలయ్య’ రెండు ప్రతులు ఉంచాలని గ్రంథాలయ నిర్వాహకులను కోరుతున్నాను. ఇంట్లో కొనదలచినవారు పదో తరగతి పిల్లలకు ఐత్మాతొవ్‌ను, ఇంటర్ పూర్తయినవారికి సత్యనారాయణను ఇవ్వండి. గోర్కీ మూడు భాగాలనూ ఒకేసారి కొనిపెట్టకుండా ‘నా బాల్యం’ ఒక్కటే ఇచ్చి చూడండి. తరువాతి భాగం ఎక్కడ దొరుకుతుందని వాళ్ళే వచ్చి అడిగినప్పుడు మిగిలినవి ఇవ్వవచ్చు.